కరెంటు పోయి వచ్చినప్పుడు స్మార్ట్ బల్బులు వాటంతటవే వెలగకుండా ఏం చేయాలి? (ఇన్వర్టర్ ఉన్న ఇల్లు)

గోదారిగట్టు
నమస్కారమండి. ఇంట్లో మొత్తం పదకొండు స్మార్ట్ బల్బులు. హాల్లో మూడు జిగ్‌బీవి (వైఫై కాకుండా వేరే రేడియో పద్ధతిలో నడిచేవి), వాటిని ఇంటి నెట్‌కి కలిపే బ్రిడ్జ్ అనే పెట్టె ఉంది. రెండు పడగ్గదుల్లో నాలుగు వైఫైవి. వంటింట్లో, వరండాలో, గేటు దగ్గర కలిపి టాస్మోటా (కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించినవి నాలుగు. హాలు, పడగ్గదులు ఇన్వర్టర్ లైను మీద ఉన్నాయి, మిగతావి నేరుగా మెయిన్ మీద. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్ (వీటన్నిటినీ ఒకేచోటి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది.

సమస్యలు రెండు. రాత్రి యాప్‌లో ఆపేసిన పడగ్గది బల్బులు, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకోగానే ఫుల్ తెల్లగా వెలుగుతున్నాయి. కరెంటు తిరిగొచ్చినప్పుడూ అదే వరస. ఇక గాలివాన రోజున పడగ్గది బల్బు ఒకటి టపటపా కొట్టుకుంటూ పెయిరింగ్‌లోకి (కొత్తగా యాప్‌కి కలిపేటప్పటి స్థితికి) పోయింది, గేటు బల్బు ఏకంగా ఫ్యాక్టరీ సెట్టింగ్‌కి వెళ్లిపోయింది.

ఒక్క షరతు: అమ్మ గోడ స్విచ్చే వాడుతుంది. స్విచ్ వేస్తే లైటు వెలగాలి. అందులో తేడా రాకూడదు.

స్విచ్‌బోర్డు
మీ షరతులోనే అసలు చిక్కంతా ఉందండి. బల్బుకి కరెంటు పోవడమూ, మీ అమ్మగారు స్విచ్ ఆపడమూ ఒకటే. రెండుసార్లూ దానికి తెలిసేది ఒక్కటే: సరఫరా ఆగింది, మళ్లీ వచ్చింది. అందుకే చాలా కంపెనీలు మొదట్లో ‘సరఫరా వస్తే పూర్తిగా వెలుగు’ అన్న పద్ధతినే పెట్టి అమ్ముతాయి. గోడ స్విచ్ వేసినవాడికి చీకటి ఎదురుకాకూడదని.

దాన్ని మార్చుకోవడానికి సాధారణంగా దొరికే దారులు నాలుగు. ఎప్పుడూ వెలగడం. ఎప్పుడూ ఆరి ఉండడం. పోయేముందు ఎలా ఉంటే అలా, అంటే ఆరి ఉంటే ఆరే ఉంటుంది. నాలుగోది: వెలగడం మాత్రం తప్పక వెలుగుతుంది, కానీ మనం చెప్పిన వెలుగుతో, మనం చెప్పిన రంగుతో.

చాలామంది మూడోదాన్ని పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. మీ ఇంట్లో అది పనికిరాదు. రాత్రి మీరు యాప్‌లో ఆపుతారు. పొద్దున అమ్మగారు స్విచ్ ఆపి వేస్తారు. బల్బు ‘నేను ఆరి ఉన్నాను కదా’ అనుకుని ఆరే ఉంటుంది. ఆవిడ పదిసార్లు టకటక కొడతారు, అది పెయిరింగ్‌లోకి వెళ్తుంది.

పడగ్గదులకు నా సలహా నాలుగోది: పది శాతం వెలుగు, 2200 కెల్విన్ (వెలుగు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు). స్విచ్ వేస్తే లైటు వచ్చి తీరుతుంది. అర్ధరాత్రి కరెంటు వస్తే గదిలో చిన్న దీపం వెలిగినట్టుంటుందే తప్ప నిద్ర చెడదు. పగలు వెలుగు చాలదు కదా అంటారా, దాన్ని హోమ్ అసిస్టెంట్‌తో పెంచుకోవచ్చు. అది ఎలాగో కింద ఎవరైనా రాయకపోతే నేనే రాస్తాను.

హాల్లోవి ఫిలిప్స్ హ్యూ అయితే యాప్ సెట్టింగ్స్‌లో ‘పవర్-ఆన్ బిహేవియర్’ వెతకండి. 2018 చివర్లో వచ్చిన సదుపాయం ఇది. బల్బుల ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) పాతదైతే ముందు అప్‌డేట్ చేయాలి. డిఫాల్ట్ అంటే దాదాపు 2700 కెల్విన్‌తో పూర్తి వెలుగు. ‘పవర్ లాస్ రికవరీ’ అంటే పోయేముందున్న స్థితి, ఆరి ఉండడంతో సహా. ‘కస్టమ్’ అంటే నేను చెప్పిన నాలుగోది. ఒక్కో బల్బుకి విడిగా పెట్టుకోవచ్చు.

ఓరుగల్లు కరెంటు పని
అన్నా, ముందుగాల ఇన్వర్టర్ సంగతి చూడు. ఇన్వర్టర్ లైను మీదున్న బల్బు అసలు ఆరనే వద్దు కదా. ఆరుతున్నదంటే మార్పిడికి టైం ఎక్కువ పడుతున్నట్టు.

ఇండ్లల్ల పెట్టే ఇన్వర్టర్లకు ఎక్కువగ రెండు మోడ్‌లుంటయి. యూపీఎస్ మోడ్ ఒకటి, నార్మల్ మోడ్ ఒకటి. కొన్నిటి మీద నార్మల్‌ని ఎకో అనో, వైడ్ అనో రాస్తరు. వెనకో ముందో చిన్న జారుడు స్విచ్ ఉంటది. యూపీఎస్ మోడ్‌ల మార్పిడి పది, పదిహేను మిల్లీసెకన్లల్ల అయిపోతది. నార్మల్‌ల నలభై దాక పడతది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఒక్క సైకిల్ అంటే 20 మిల్లీసెకన్లు. నలభై అంటే రెండు సైకిళ్లు పూర్తిగా లేనట్టే. మామూలు ఎల్ఈడీ అయితే కన్ను కొట్టినట్టు కొట్టి ఊరుకుంటది. స్మార్ట్ బల్బుల ఉండే కెపాసిటర్ చిన్నది, అంతసేపు లోపలి చిప్‌ను ఆపలేదు. చిప్ రీస్టార్ట్ అయితది. నీ బల్బు తెల్లగ ఎలుగుడు అందుకే.

యూపీఎస్ మోడ్‌ల పెట్టు. మెయిన్ ఎంసీబీ (కరెంటు డబ్బాల ఉండే స్విచ్) ఐదారు సార్లు, ఒక్కోసారి అర నిమిషం ఎడంతోటి దించి ఎత్తి చూడు. బల్బు కదలకుంటే సగం సమస్య పోయినట్టే.

ఒక్కటి మాత్రం యాదిల పెట్టుకో. యూపీఎస్ మోడ్‌ల ఇన్‌పుట్ వోల్టేజీ హద్దు సన్నగ ఉంటది, ఇంచుమించు 180 నుంచి 260. మీ ఊర్ల సాయంత్రం పూట 170కి పడిపోతుంటే ఇన్వర్టర్ ఊకె బ్యాటరీ మీదికి పోతది, బ్యాటరీ తొందరగ పాడైతది. ముందు రెండు మూడు రోజులు రాత్రి ఏడు, తొమ్మిది గంటలకు మల్టీమీటర్‌తోటి చూసుకున్నంకనే మార్చు.

గోదారిగట్టు
నార్మల్ మోడ్‌లోనే ఉందండి, స్విచ్ వెనకవైపు ఉంది. సాయంత్రం 205 నుంచి 215 మధ్య చూపిస్తోంది. మార్చాక ఎంసీబీ ఆరుసార్లు దించాను. నాలుగింటిలో మూడు బల్బులు కదల్లేదు, ఒకటి మాత్రం రెండుసార్లు రీస్టార్ట్ అయింది.

ఓరుగల్లు కరెంటు పని
ఆ ఒక్కటి వాట్స్ ఎక్కువున్న బల్బా? వెలుగు ఎక్కువున్నప్పుడు కెపాసిటర్ తొందరగ ఖాళీ అయితది. పది శాతం మీద పెట్టి మళ్ల చూడు. రాత్రి ఆరి ఉన్నప్పుడు లోడు తక్కువ కాబట్టి ఆ టైంల నిలబడుతది. పగలు రీస్టార్ట్ అయినా నష్టం లేదు.

మిరపతోట
వైఫై బల్బులు స్మార్ట్ లైఫ్ యాప్‌లో నడిచేవైతే రెండు సెట్టింగ్‌లు విడివిడిగా ఉంటాయి. చాలామంది ఒకదాన్నే చూసి వదిలేస్తారు.

ఒకటి పవర్-ఆఫ్ మెమరీ. బల్బు ప్యానెల్ తెరిచి కింద సెట్టింగ్స్ గుర్తు నొక్కితే వస్తుంది. మొదటి స్థితి, గుర్తున్న స్థితి, సొంత స్థితి అని మూడు ఉంటాయి. మూడోదాంట్లో 2200 దాకా దిగకపోతే బల్బు దిగగలిగినంత పసుపు పెట్టి, వెలుగు పది శాతానికి దించి సేవ్ చేయండి.

రెండోది ‘డు నాట్ డిస్టర్బ్’. కరెంటు ఎక్కువగా పోయే చోట్ల కోసమే పెట్టినది. ఇది వేసి ఉంచితే కరెంటు వచ్చినా బల్బు ఆరే ఉంటుంది. వెలగాలంటే గోడ స్విచ్‌ను వెంటవెంటనే రెండుసార్లు వేయాలి. పెద్దవాళ్లున్న గదిలో దీన్ని పెట్టవద్దు. స్టోర్ రూమ్‌కో, ఎవరూ లేని అతిథుల గదికో బాగుంటుంది. కరెంటే రెండుసార్లు టపటపా పోయి వస్తే ఆ లెక్కకే వెలిగిపోతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

జిగ్‌బీ2ఎంక్యూటీటీ (బ్రిడ్జ్ బదులు కంప్యూటర్ మీద నడిపే సాఫ్ట్‌వేర్)లో టుయా (స్మార్ట్ లైఫ్ యాప్ కంపెనీ) జిగ్‌బీ బల్బుల్లో చాలావాటికి కూడా ఈ రెండూ కనిపిస్తాయి.

స్విచ్‌బోర్డు
ఇక గాలివాన సంగతి. 11 కేవీ ఫీడర్ (మన ప్రాంతానికి కరెంటు తెచ్చే పెద్ద లైను) మీద కొమ్మ తగిలినప్పుడు ఆటో రీక్లోజర్ (లైను తెగ్గొట్టి తనే మళ్లీ కలిపే స్విచ్) ఉన్న చోట అది ట్రిప్ అయి, కొన్ని సెకన్లలో తనే మళ్లీ మూసుకుంటుంది. కొమ్మ ఇంకా ఆనుకునే ఉంటే మళ్లీ ట్రిప్. ఇలా మూడు నాలుగు ప్రయత్నాలు జరుగుతాయి. ఇంట్లో మనకు కనిపించేది కరెంటు వచ్చి, పోయి, వచ్చి, పోవడం. బల్బు రీసెట్ చేసే పద్ధతి కూడా సరిగ్గా అదే.

స్మార్ట్ లైఫ్ రకం వైఫై బల్బులు ఎక్కువగా మూడుసార్లు ఆపి వేస్తే పెయిరింగ్‌లోకి పోతాయి. ఐకియా జిగ్‌బీ బల్బులకు ఆరుసార్లు. టాస్మోటా అయితే పది సెకన్లలోపు ఎడంతో ఆరుసార్లు వేసి ఆపి, ఏడోసారి వేసి ఉంచితే ఫ్యాక్టరీ సెట్టింగ్‌కి వెళ్తుంది. మీ గేటు బల్బుకి జరిగింది ఇదే అయ్యుండాలి.

టాస్మోటాలో దీన్ని ఆపే వీలుంది. కన్సోల్‌లో (ఆదేశాలు టైప్ చేసే చోట) సెట్‌ఆప్షన్65 అని కొట్టి, ఖాళీ వదిలి 1 ఇవ్వండి. ఆ తర్వాత కరెంటు ఎన్నిసార్లు కొట్టుకున్నా రీసెట్ కాదు. కానీ రేపు వైఫై పాస్‌వర్డ్ మారిస్తే బయటినుంచి రీసెట్ చేసే దారి కూడా పోతుంది. అందుకే కాన్ఫిగరేషన్‌లో రెండో వైఫై పేరుగా మీ ఫోన్ హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ నింపి ఉంచండి. రౌటర్ మార్చినా ఫోన్‌తో లోపలికి వెళ్లొచ్చు.

అదే కన్సోల్‌లో పవర్‌ఆన్‌స్టేట్ చూడండి. 0 అంటే ఆరి ఉంటుంది, 1 వెలుగుతుంది, 2 పాత స్థితికి తిరగబడి ఉంటుంది (వెలిగి ఉంటే ఆరుతుంది, ఆరి ఉంటే వెలుగుతుంది), 3 పాత స్థితి. ఫర్మ్‌వేర్‌తో వచ్చేది 3. వంటింటికి 1, గేటుకి 3 పెట్టండి. 4 జోలికి పోవద్దు. వెలిగి ఉండిపోతుంది, యాప్ నుంచి ఆపనివ్వదు.

గోదారిగట్టు
టాస్మోటావి నాలుగూ మార్చేశాను. వైఫై బల్బులకు అలాంటి తాళం లేదు కదండీ, వాటికేం చేయాలి?

ఓరుగల్లు కరెంటు పని
బల్బుకి తాళం లేకుంటే లైనుకే వెయ్యాలె. డీబీల (ఎంసీబీలుండే డబ్బాల) పెట్టే అండర్-ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ దొరుకుతది, డిన్ రైలు (ఎంసీబీలు బిగించే పట్టీ) మీద కూసుంటది. వోల్టేజీ చూసుడే కాదు, కరెంటు వచ్చినంక ఎన్ని సెకన్లు ఆగి లైను కలపాల్నో మనమే పెట్టుకోవచ్చు.

లైట్ల ఎంసీబీ ముందట పెట్టి, ఆగే టైం 60 సెకన్లు, కింది హద్దు 170, పై హద్దు 270 పెట్టు. ఫీడర్ మూడుసార్లు కొట్టుకున్నా బల్బుకి కనబడేది ఒక్క పోవుడు, ఒక్క వచ్చుడు. ఫేజ్, న్యూట్రల్ రెండూ దాంట్ల నుంచి పోతయి, లోపలిది లోపల బయటిది బయట సరిగ్గ కలపాలె. మెయిన్ దించి, టెస్టర్‌తోటి చూసినంకనే చెయ్యి పెట్టాలె. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోటే చేయించు.

ఇన్వర్టర్ లైను కూడ కలుపుకోవాలంటే ప్రొటెక్టర్‌ని ఇన్వర్టర్ ఇన్‌పుట్ ముందట పెట్టు. కరెంటు వచ్చినా ఇంకో నిమిషం బ్యాటరీ మీద నడుస్తది, గంతే. మెట్ల లైటు, బాత్రూం లైటు మామూలు మెయిన్ మీద ఉంటే దీని మీద పెట్టకు. నిమిషం చీకట్ల ముసలోళ్లు జారి పడతరు.

నల్లమల
జిగ్‌బీ బల్బులు బ్రిడ్జ్ లేకుండా జిగ్‌బీ2ఎంక్యూటీటీతోనో, హోమ్ అసిస్టెంట్‌లోనే ఉండే జెడ్‌హెచ్‌ఏతోనో వాడేవాళ్ల కోసం. యాప్‌లో కనిపించే పేర్ల వెనక ఉన్నవి మూడే అట్రిబ్యూట్‌లు, అంటే బల్బు లోపల విలువలు దాచే గడులు. క్లస్టర్ అంటే అలాంటి గడుల గుంపు, హెక్స్ అంటే పదహారు ఆధారంగా రాసే అంకె.

ఆన్-ఆఫ్ క్లస్టర్‌లో హెక్స్ 4003: 0 ఆరి ఉండు, 1 వెలుగు, 2 తిరగబడు, హెక్స్ ఎఫ్ఎఫ్ పాత స్థితి. లెవెల్ కంట్రోల్ క్లస్టర్‌లో హెక్స్ 4000: ఎంత వెలుగుతో మొదలవ్వాలి. పూర్తి వెలుగు 254, పది శాతం అంటే 25. కలర్ కంట్రోల్‌లో హెక్స్ 4010: ఏ పసుపుతో మొదలవ్వాలి, మైరెడ్‌లలో. పది లక్షలను కెల్విన్‌తో భాగిస్తే మైరెడ్ వస్తుంది. 2700కి 370, 2200కి 454.

కాబట్టి స్విచ్‌బోర్డు గారు చెప్పిన చిన్న దీపం కావాలంటే ఇవ్వాల్సినవి 1, 25, 454. జెడ్‌హెచ్‌ఏలో బల్బు పేజీలోనే స్టార్టప్ పేరుతో మూడు గడులు కనిపిస్తాయి. జిగ్‌బీ2ఎంక్యూటీటీలో మొదటిది పవర్-ఆన్ బిహేవియర్‌గా ఉంటుంది. మిగతా రెండూ కనిపించకపోతే డెవ్ కన్సోల్ నుంచి రాయాలి.

రాశాక అదే అట్రిబ్యూట్‌ను తిరిగి చదవండి. హెక్స్ 86 వచ్చిందంటే ఆ బల్బు ఫర్మ్‌వేర్‌లో అసలా అట్రిబ్యూట్ లేదని అర్థం. ఎన్నిసార్లు రాసినా ప్రయోజనం ఉండదు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చూడండి. మ్యాటర్ (వేర్వేరు కంపెనీల ఉమ్మడి ప్రమాణం) బల్బులకూ మొదటి అట్రిబ్యూట్ ఇదే అంకెతో ఉంది, కాకపోతే పాత స్థితికి ఎఫ్ఎఫ్ బదులు నల్ (ఖాళీ విలువ) ఇవ్వాలి.

తిరగబడు అన్నది ఇళ్లలో ఎక్కడా వాడకండి. కరెంటు రెండుసార్లు పోతే ఏ బల్బు ఏ స్థితిలో ఉందో ఎవరికీ తెలియదు.

కృష్ణాతీరం
నేను ఉండేది డాలస్‌లో, బల్బులు ఉన్నది గుంటూరులో అమ్మానాన్నల ఇంట్లో. బల్బుల్లో సెట్టింగ్ పెట్టకుండా అన్నీ ఆటోమేషన్‌తోనే సరిచేయొచ్చు కదా? కరెంటు రాగానే ‘అన్నీ ఆపు’ అని.

స్విచ్‌బోర్డు
కుదరదండి, లేచే వరస అడ్డం వస్తుంది. బల్బు ఒకటి రెండు సెకన్లలో వెలుగుతుంది. ఫైబర్ పెట్టె, రౌటర్ లేవడానికి ఒకటి నుంచి మూడు నిమిషాలు. హోమ్ అసిస్టెంట్ ఆ తర్వాత. మీ ఆదేశం చేరేసరికి మీ నాన్నగారు లేచి స్విచ్ ఆపేసి ఉంటారు. ఇక ఆ బల్బు ఆన్‌లైన్‌కే రాదు. బల్బు సొంత జ్ఞాపకమే మొదట, ఆటోమేషన్ దాని మీద మెరుగు మాత్రమే.

దూరంగా ఉన్నవాళ్లు ముందు కొనాల్సింది రౌటర్‌కి మినీ యూపీఎస్. అడాప్టర్ మీద రాసింది చదివి కొనండి. చాలావాటికి 12 వోల్టులు, 1 లేదా 1.5 ఆంపియర్లు. 9 వోల్టులవీ ఉంటాయి, వాటికి 12 ఇస్తే కాలిపోవచ్చు. ఫైబర్ పెట్టె వేరుగా ఉంటే రెండు అవుట్‌పుట్‌లున్నది తీసుకోండి. ఒక్క రౌటర్‌కే పెడితే నెట్ రాదు.

ఎన్ని గంటలొస్తుందన్న లెక్కలో అందరూ పొరబడేది ఒకచోటే. పెట్టె మీద 8000 మిల్లీఆంపియర్-అవర్ అని ఉంటే అది 3.7 వోల్టుల సెల్ లెక్క. 12తో గుణించకూడదు. 8 ఇంటూ 3.7 అంటే దాదాపు 29.6 వాట్-అవర్లు. మార్పిడిలో పోయేది తీసేస్తే 25 మిగులుతుంది. రౌటర్, ఫైబర్ పెట్టె కలిపి 11 వాట్లు తింటే రెండుంపావు గంటలు.

రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ చానల్‌ని ఆటో నుంచి తీసి 1, 6, 11లలో ఒకదానికి కట్టేయండి. ప్రతిసారీ రౌటర్ లేచి కొత్త చానల్ ఎంచుకుంటే పక్కనున్న జిగ్‌బీకి కూడా చికాకే.

నల్లమల
పగలు వెలుగు పెంచే ఆటోమేషన్ ఎవరైనా రాయొచ్చన్నారు కదా స్విచ్‌బోర్డు గారు, చెప్తాను. ఒక మామూలు ఈఎస్‌పీ (వైఫై చిప్) బోర్డునో, స్మార్ట్ ప్లగ్‌నో ఇన్వర్టర్ లేని సాకెట్‌లో పెట్టండి. అది ఆఫ్‌లైన్ అయితే మెయిన్ కరెంటు లేదన్నమాట. దాన్ని ‘లైను కరెంటు’ అందాం. రాస్ప్‌బెర్రీ పై, రౌటర్ మాత్రం బ్యాటరీ వెనక ఉండాలి.

పడగ్గది బల్బు ‘అన్‌అవైలబుల్’ (అందుబాటులో లేదు) నుంచి ‘ఆన్’కి వచ్చినప్పుడు చూడాల్సింది ఒక్కటే: లైను కరెంటు గత రెండు నిమిషాలుగా నిలకడగా ఉందా? ఉంటే ఆ స్విచ్ మనిషి వేసిందే, వెలుగు 80 శాతానికి పెంచండి. లేకపోతే అది కరెంటు చేసిన పని. రాత్రి 11 నుంచి పొద్దున 5:30 మధ్య అయితే ఆపేయండి, మిగతా వేళల్లో ముట్టుకోకండి. బల్బుకి తెలియని తేడాను ఇలా బయటినుంచి మనం చెప్తున్నాం. హోమ్ అసిస్టెంట్ పడిపోయినా ఆ పది శాతం వెలుగు ఎలాగూ ఉంటుంది.

ఇక్కడొక పట్టింపు ఉంది. వైఫై బల్బు ఆఫ్‌లైన్ అయిందని హోమ్ అసిస్టెంట్ గుర్తించడానికి ఒక్కోసారి అర నిమిషం పైనే పడుతుంది. అమ్మగారు స్విచ్ ఆపి ఐదు సెకన్లలో వేస్తే అన్‌అవైలబుల్ అన్నదే కనపడదు, ఆటోమేషన్ నడవదు. అందుకని ‘వెలుగు 10 శాతానికి, రంగు 2200కి ఒక్కసారే మారింది’ అన్నది రెండో ట్రిగ్గర్‌గా (ఆటోమేషన్‌ను మొదలుపెట్టే సంకేతంగా) పెట్టుకోండి. సొంతంగా ఎవరూ ఆ జోడీ వాడకుండా ఉంటే చాలు.

జిగ్‌బీ వైపు ఇంకో మాట. కరెంటు రాగానే బల్బులన్నీ ఒక్కసారే ‘నేనొచ్చాను’ అని నెట్‌వర్క్‌లో చాటుకుంటాయి. ఆ సందడిలో ఒక్కో బల్బుకి విడిగా ఆదేశాలు పంపితే కొన్ని పోతాయి. ఒకటి రెండు నిమిషాలు ఆగి, జిగ్‌బీ గ్రూప్‌కి ఒకే ఆదేశం పంపండి.

పెన్నా_ఈఎస్‌పీ
ఈఎస్‌పీహోమ్ (టాస్మోటా లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్) ఎక్కించిన బల్బులున్నవాళ్లకి: లైట్ భాగంలో రీస్టోర్ మోడ్ రాయకపోతే ఎప్పుడూ ఆరే ఉంటుంది. పాత స్థితి కావాలంటే ‘రీస్టోర్ డిఫాల్ట్ ఆన్’ రాయాలి. చిప్ ఈఎస్‌పీ8266 అయితే అదొక్కటే చాలదు, ‘రీస్టోర్ ఫ్రమ్ ఫ్లాష్’ కూడా ట్రూ చేయాలి, లేదంటే కరెంటు పోగానే జ్ఞాపకం పోతుంది. పైగా ఫ్లాష్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) రాసే ఎడం డిఫాల్ట్‌గా ఒక నిమిషం. బల్బు ఆపిన ఇరవై సెకన్లకే కరెంటు పోతే, వచ్చాక మళ్లీ వెలిగే ఉంటుంది. అది తప్పు కాదు, రాయడానికి సమయం చాల్లేదంతే. ఆ ఎడాన్ని మరీ తగ్గిస్తే ఫ్లాష్ అరుగుతుంది, ముఖ్యంగా గంటగంటకీ రంగు మారే ఆటోమేషన్‌లు నడుస్తుంటే.

మిరపతోట
పరీక్ష చేసేటప్పుడు అందరూ ఇదే తొందరపడతారు. యాప్‌లో ఆపి వెంటనే స్విచ్ తీసి వేసి ‘గుర్తుండట్లేదు’ అంటారు. స్థితి మార్చాక పూర్తి నిమిషం ఆగండి. స్విచ్ ఆపి పదిహేను సెకన్లు ఆగండి, కెపాసిటర్ ఖాళీ అవ్వాలి. అప్పుడు వేయండి. ఒక్కో బల్బుకీ రెండుసార్లు: ఒకసారి వెలిగి ఉన్నప్పుడు, ఒకసారి యాప్‌లో ఆపి ఉన్నప్పుడు.

ఓరుగల్లు కరెంటు పని
అమ్మ గదికి స్మార్ట్ బల్బే ఎందుకు? మామూలు తొమ్మిది వాట్ల బల్బు పెట్టి, స్విచ్ వెనక చిన్న రిలే మాడ్యూల్ (యాప్‌తోటి కూడ నడిచే స్విచ్) పెడితే గోడ స్విచ్ గోడ స్విచ్ లెక్కనే పనిచేస్తది, యాప్ల కూడ వస్తది. మన బోర్డులల్ల ఐదు ఆంపియర్ల సాకెట్ పక్కనే ఉంటది కాబట్టి న్యూట్రల్ దొరుకుతది. డబ్బా లోతు మాత్రం కొలుచుకో, వైర్లతోటి నిండి ఉంటే మాడ్యూల్ పట్టదు.

నల్లమల
రంగులు అక్కర్లేని గదికి ఇదే మేలు. షెల్లీ కంపెనీ మాడ్యూల్ అయితే కరెంటు వచ్చాక ఏం చేయాలన్న చోట ‘స్విచ్ స్థితిని బట్టి’ అన్నది కూడా ఉంది. గోడ స్విచ్ దించి ఉంటే ఆరి ఉంటుంది, వేసి ఉంటే వెలుగుతుంది. యాప్‌తో ఆపి స్విచ్ వేసే ఉంచే అలవాటుంటే మాత్రం దీనికి బదులు పాత స్థితి పెట్టండి.

స్మార్ట్ బల్బు కూడా ఉంచి వెనక మాడ్యూల్ పెట్టాలనుకుంటే రిలేను స్విచ్ నుంచి విడదీయాలి. షెల్లీలో డిటాచ్డ్ మోడ్, సోనాఫ్ మినీ ఆర్4లో డిటాచ్ రిలే. బల్బుకి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, స్విచ్ ఆదేశం మాత్రమే పంపుతుంది. విడదీయకుండా రెండూ పెడితే రిలే బల్బు కరెంటునే కోసేస్తుంది, కథ మొదటికొస్తుంది.

గోదారిగట్టు
అమ్మ గదిలో మాడ్యూల్ పెట్టిస్తున్నాను, డబ్బా లోతు సరిపోయింది. రెండో పడగ్గదికి పది శాతం పెట్టి, లైను కరెంటు సెన్సర్‌తో ఆటోమేషన్ రాశాను. రాత్రి రెండుకి మెయిన్ దించి ఎత్తితే గదిలో మసక పసుపు వెలుగు వచ్చింది, కొద్దిసేపటికి దానంతటదే ఆరిపోయింది. ప్రొటెక్టర్ ఆదివారం బిగిస్తారు.

వరండాలో ఇంకొకటి మిగిలింది. సాయంత్రం 2200కి దిగిన టాస్మోటా బల్బు, రాత్రంతా కరెంటు లేక పొద్దున వస్తే పట్టపగలు కూడా ఆ పసుపుతోనే వెలుగుతోంది.

స్విచ్‌బోర్డు
వరండా బల్బుకి గోడ స్విచ్ అవసరం తక్కువైతే పవర్‌ఆన్‌స్టేట్ 0 పెట్టేయండి. పగలు వెలగదు. సూర్యాస్తమయానికి హోమ్ అసిస్టెంట్ వెలిగిస్తుంది, ఆ ఆదేశంలోనే వెలుగు, రంగు రెండూ పంపండి. సరిగ్గా అస్తమయ సమయానికి కరెంటు లేకపోతే ఆదేశం వృథా అవుతుంది కాబట్టి, ‘బల్బు ఆన్‌లైన్‌కి వచ్చింది, సూర్యుడు దిగిపోయాడు’ అన్నది కూడా అదే ఆటోమేషన్‌లో ఇంకో ట్రిగ్గర్‌గా కలపండి.